పాత షెవర్లే పికప్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్స్: కొలతల నుంచి మొదటి స్టార్టు దాకా

పికప్‌కి ఆటోమేటిక్ బాక్స్ తగిలించడం ఒక పూట పని. దానికి ముందూ వెనకా ఉండేదే అసలు పని: కొలతలు, ప్రొపెల్లర్ షాఫ్ట్, ఆయిల్ చల్లబరిచే పైపులు, ఒక కేబుల్, ఒక వ్యాక్యూమ్ గొట్టం. కొత్తగా పెట్టిన బాక్స్ నెల తిరక్కుండా కాలిపోయిందంటే తప్పు బాక్స్‌ది కావడం అరుదు. చుట్టుపక్కల పనుల్లో ఏదో ఒకటి వదిలేసి ఉంటారు. అందుకే ఇక్కడ బాక్స్ లోపలి సంగతులు తక్కువ, బయటి సంగతులు ఎక్కువ.

మీ బండికి పడుతుందా?

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో అసెంబ్లీ మొదలుపెట్టి 1954లో ఆపేసింది. ఆ కాలపు షెవర్లే హాఫ్-టన్ పికప్‌లలో 216, 235 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్లు ఉంటాయి. వాటి వెనక బోల్టుల అమరిక వేరు, కింద చెప్పబోయే బాక్సులకి సూటిగా కలవదు. పైగా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గొట్టం లోపల మూసి ఉంటుంది. బాక్స్ మారిస్తే ఆ గొట్టం పోవాలి, గొట్టం పోతే వెనక హౌసింగ్ మారాలి, హౌసింగ్ మారితే స్ప్రింగుల బిగింపు మారాలి. అంటే సగం బండి మారుతుంది. అలాంటి బండి మీ దగ్గరుంటే దాని పాత బాక్సే బాగుచేయించుకుని నడపడం మేలు.

ఈ పనికి బాగా ఒదిగేవి తర్వాతి బండ్లు. 1955లో వచ్చిన చిన్న బ్లాకు వి8, ఆ కుటుంబంలోని 283, 307, 327, 350, ఇంకా 1963 నుంచి పికప్‌లలో వచ్చిన 230, 292, ఆ తర్వాత వచ్చిన 250 ఆరు సిలిండర్ల ఇంజిన్లు అన్నిటికీ వెనక బోల్టుల అమరిక ఒక్కటే. కాబట్టి ఆరు సిలిండర్ల సీ10కి (షెవర్లే హాఫ్-టన్ పికప్) పడిన బాక్స్ రేపు వి8 పెట్టుకున్నా పనికొస్తుంది. ఫోర్డ్, డాడ్జ్, ఫార్గో బండ్లకి వాటి సొంత కుటుంబపు బాక్సులు ఉన్నాయి. పని వరస ఇదే, కొలతలు మాత్రం ఇవి కావు.

రైట్ హ్యాండ్ స్టీరింగ్ ఉన్న బండి అయితే ఇంకో చిక్కు. అమెరికా కిట్లన్నీ ఎడమవైపు స్టీరింగ్ కోసం చేసినవి. ఈ బాక్సుల గేర్ మార్చే షాఫ్ట్ ఎడమ పక్కన ఉంటుంది. మన స్టీరింగ్ కాలమ్ కుడివైపున, సెల్ఫ్ మోటారు, సైలెన్సర్ పైపుల మధ్యకి దిగుతుంది. కాలమ్ మీది గేర్ రాడ్‌ని అలాగే వాడుకుందామని రాడ్లు వంచి బాక్స్ కింద నుంచి అటు దాటించే ప్రయత్నాలు చాలా గ్యారేజీల్లో కనిపిస్తాయి. ఇంజిన్ ఊగినప్పుడల్లా రాడ్డు లాగుతుంది, గేరు సగంలో నిలుస్తుంది. రైట్ హ్యాండ్ బండికి కేబుల్‌తో నడిచే ఫ్లోర్ షిఫ్టర్ తప్ప వేరే దారి చూడొద్దు.

కాగితాల పని ముందే

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. క్లెయిమ్ వచ్చిన రోజున "మాకు చెప్పలేదు" అనే మాటకి తావు ఉండకూడదు.

2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల కింద బండిని పెట్టాలనుకునేవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. ఆ నంబరుతో బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికీ వీల్లేదు. రోజూ ట్రాఫిక్‌లో నడపడానికే ఆటోమేటిక్ పెడుతున్నవాళ్లకి ఆ నంబరు ఎలాగూ సరిపడదు. ఏ దారి పట్టినా ఛాసిస్‌ని కోయొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు. బోల్టులతో బిగించే క్రాస్ మెంబర్ పెట్టి, పాత బాక్స్, ఫ్లైవీల్, పెడల్, రాడ్లు అన్నీ గ్రీజు పట్టించి దాచండి. పాత బండికి విలువ వాటితోనే.

ఏ బాక్స్?

లెక్కలోకి వచ్చేవి రెండే. 1969 మోడల్ నుంచి వచ్చిన టర్బో 350, 1982 నుంచి వచ్చిన 700ఆర్4.

టర్బో 350కి మూడు గేర్లు: 2.52, 1.52, 1.00. కంప్యూటర్ లేదు, కరెంటు వైరు అక్కర్లేదు, మామూలు కార్బొరేటర్ ఇంజిన్‌తో కలిసిపోతుంది. ఖాళీ బాక్స్ సుమారు 55 కిలోలు. 700ఆర్4కి నాలుగు: 3.06, 1.63, 1.00, 0.70. కన్వర్టర్ (క్లచ్ బదులు ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించే డబ్బా) జారకుండా పట్టేసే లాకప్ కూడా ఉంటుంది. తేడా ఎంతో అంకెల్లో చూడండి. 28 అంగుళాల టైరు, వెనక హౌసింగ్‌లో 3.73 నిష్పత్తి క్రౌన్ గేరు ఉన్న బండి 100 కిలోమీటర్ల వేగంలో నేరుగా నడిచే గేరులో 2,780 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతుంది, టర్బో 350లో కన్వర్టర్ జారుడు వల్ల ఇంకొంచెం ఎక్కువ. 700ఆర్4 నాలుగో గేరులో అదే వేగానికి 1,950 దగ్గర ఉంటుంది.

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు, వరంగల్, విజయవాడ హైవేల మీద తరచూ వెళ్లేవాళ్లకి 700ఆర్4 సుఖం. సిటీలోనే తిరిగే బండికి టర్బో 350 చాలు, అదే మంచిది కూడా. ఎందుకంటే 700ఆర్4 ప్రాణమంతా కార్బొరేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌లో ఉంది. ఆ కేబుల్ ఒక్క ఐదారు మిల్లీమీటర్లు వదులైతే లోపలి ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఒక్క ప్రయాణంలోనే మూడు, నాలుగు గేర్ల క్లచ్‌లు కాలిపోతాయి. దాన్ని సెట్ చేయడం తెలిసిన ఉస్తాద్ దొరక్కపోతే ఆ బాక్స్ జోలికి పోవద్దు. తీసుకుంటే 1987 తర్వాతిది తీసుకోండి. మొదటి ఏళ్లవాటిలో ఇన్‌పుట్ షాఫ్ట్‌కి 27 పళ్లే ఉంటాయి, తర్వాత 30కి పెంచారు.

డబ్బు కట్టేముందు బాక్స్ ముందు వైపు ఫొటో, టేపు పెట్టి పక్కనుంచి తీసిన ఫొటో అడగండి. టర్బో 350లు బ్యూక్, పాంటియాక్ ఇంజిన్ల అమరికతోనూ వచ్చాయి, 700ఆర్4లు చిన్న వి6 అమరికతోనూ వచ్చాయి. అవి మన బ్లాకుకి కూర్చోవు. టర్బో 350 తోక 6, 9, 12 అంగుళాల్లో దొరుకుతుంది. ఎక్కువగా కనిపించే 6 అంగుళాల తోకతో మొత్తం పొడవు 703 మి.మీ. 700ఆర్4 పొడవు 781 మి.మీ. ఇంజిన్‌కి ఆనే ముఖం నుంచి కింది రబ్బరు మౌంటు దాకా టర్బో 350కి 518 మి.మీ., 700ఆర్4కి 572 మి.మీ. ఈ అంకెలు రాసుకుని, బండి కింద పడుకుని, ఇప్పుడున్న బెల్ హౌసింగ్ ముఖం నుంచి కొలుచుకుంటే క్రాస్ మెంబర్ ఎక్కడ పడుతుందో, సైలెన్సర్ పైపు అడ్డొస్తుందో లేదో ఒక్క నట్టు విప్పకముందే తెలిసిపోతుంది.

తెప్పించాల్సినవి

బాక్స్‌తోపాటు 1,600 నుంచి 1,800 ఆర్‌పీఎమ్ స్టాల్ (బ్రేకు పట్టి ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ చేరగల వేగం) ఉన్న మామూలు కన్వర్టర్ తీసుకోండి. రేసు కన్వర్టర్ పెడితే ట్రాఫిక్‌లో ఆయిల్ ఉడుకుతుంది. ఫ్లెక్స్‌ప్లేట్ (ఫ్లైవీల్ బదులు వచ్చే పల్చటి పళ్ల ప్లేటు) 153 పళ్లదో 168 పళ్లదో తేల్చుకోవాలి. 168 పళ్లదానికి సెల్ఫ్ మోటారు ముక్కు బోల్టులు ఏటవాలుగా, 153దానికి ఒకే వరసలో ఉంటాయి. బ్లాకు మీద ఏ రంధ్రాలకి మరలు ఉన్నాయో చూసి తెప్పించండి. 1986కి ముందు ఇంజిన్లలో, 400 మినహా, బరువు అతికించని ఫ్లెక్స్‌ప్లేట్ కావాలి. తర్వాతి ఇంజిన్లకి బరువున్నది. తారుమారైతే ఇంజిన్ వణుకుతుంది, ఆ వణుకు ఎక్కణ్నుంచో తెలియక కార్బొరేటర్ విప్పుతూ కూర్చుంటారు. కొన్ని పాత బండ్లలో సెల్ఫ్ మోటారు బెల్ హౌసింగ్‌కే బిగించి ఉంటుంది. బెల్ హౌసింగ్ పోతే అదీ పోతుంది, బ్లాకుకి బిగించే మోటారు కావాలి.

ఇంకా: ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టులు, కన్వర్టర్ బోల్టులు, కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కింది గేరుకి దించేది) లేదా టీవీ కేబుల్, దానికి కార్బొరేటర్ దగ్గరి బ్రాకెట్, డిప్‌స్టిక్ గొట్టం, 27 పళ్ల స్లిప్ యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు చివర, బాక్స్ తోకలోకి జారే ముక్క), రబ్బరు మౌంటు, క్రాస్ మెంబర్, ఫ్లోర్ షిఫ్టర్, విడిగా ఆయిల్ కూలర్, డెక్స్‌రాన్ 3 రకం ఆయిల్ 12 లీటర్లు. స్లిప్ యోక్ రెండు బాక్సులకీ ఒకటే, తర్వాత మనసు మారినా పనికొస్తుంది.

బోల్టుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ బండి అంతా అంగుళం మరలే. బెల్ బోల్టు 3/8 అంగుళం, అంటే 9.5 మి.మీ. షాపువాడు 10 మి.మీ. బోల్టు చేతిలో పెట్టి "పట్టేస్తుంది" అంటాడు. ఒకటి రెండు చుట్లు పడుతుంది కూడా. తర్వాత మర తెగుతుంది. పాత బోల్టు నమూనా పట్టుకెళ్లండి, మర కొలిచే గేజి జేబులో పెట్టుకోండి.

పాతది దించడం

బండిని నాలుగు స్టాండ్ల మీద ఎత్తండి, జాకీ మీద వదలొద్దు. బ్యాటరీ తీగ తీసేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు యోక్‌ల మీద సెంటర్ పంచితో గుర్తులు పెట్టండి. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ బ్రాకెట్ ఎక్కడ ఉందో కూడా గుర్తుంచుకోండి. బాక్స్ ఆయిల్ దించి, స్పీడోమీటర్ కేబుల్, క్లచ్ రాడ్లు విప్పండి. నాలుగు గేర్ల ఎస్ఎమ్465 మాన్యువల్ పెట్టె 80 కిలోల దాకా ఉంటుంది. పొట్ట మీద పెట్టుకుని దించే సాహసం వద్దు, గేర్‌బాక్స్ జాకీ అద్దెకి తెచ్చుకోండి.

చాలా పికప్‌లలో ఇంజిన్ వెనక భాగం బెల్ హౌసింగ్ పక్క చెవుల మీదే నిలబడి ఉంటుంది. బెల్ హౌసింగ్ విప్పిన క్షణం ఇంజిన్ వెనక్కి వాలి ఫ్యాను రేడియేటర్‌లోకి దూరుతుంది. ముందే ఇంజిన్ సంపు కింద చెక్క దిమ్మ పెట్టి ఇంకో జాకీతో ఆపండి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ముని గాలి గొట్టంతో ఊదొద్దు, తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేయండి.

ఫ్లైవీల్ తీశాక క్రాంక్ వెనక సీలు, క్యామ్ షాఫ్ట్ వెనక మూత, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు చూడండి. తడి కనిపిస్తే ఇప్పుడే మార్చండి. తర్వాత కారితే ఇంజిన్ ఆయిలో బాక్స్ ఆయిలో తెలియక మళ్లీ అంతా దించాల్సి వస్తుంది.

క్రాంక్ మధ్యలో ఉన్న పైలట్ బుష్ (పాత బాక్స్ షాఫ్ట్ కొసని ఆపే చిన్న గొట్టం) తీసేయాలి. కన్వర్టర్ ముక్కుకి అది అడ్డు పడితే కన్వర్టర్ వెనక్కి నొక్కుకుని పంపు పగులుతుంది. బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరి, ఆ రంధ్రానికి బిగుతుగా పట్టే రాడ్ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజు వెళ్లడానికి వేరే దారి లేక బుష్‌ని వెనక నుంచి తోస్తుంది. రాడ్ వదులైతే గ్రీజు మొహాన చిమ్ముతుంది తప్ప బుష్ కదలదు. ఆపైన క్రాంక్ గుంట తుడిచి, కన్వర్టర్ ముక్కు అందులో చేత్తో సాఫీగా దిగుతుందో లేదో బాక్స్ పెట్టకముందే చూసుకోండి. తుప్పు ఉంటే సన్నని ఎమెరీ కాగితంతో రుద్దండి.

బ్లాకు వెనక, బాక్స్‌ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులు ఉండాలి. పాత బండ్లలో ఒకటి పోయి ఉండటం మామూలే. అవి లేకుండా బోల్టులతోనే బిగిస్తే బాక్స్ కొద్దిగా పక్కకి కూర్చుంటుంది. ముందు సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉందంటే చూడాల్సింది అక్కడే.

ఫ్లెక్స్‌ప్లేట్‌ని 81 న్యూటన్ మీటర్లకి అడ్డదిడ్డ వరసలో బిగించండి, మరలకి థ్రెడ్‌లాకర్ రాయండి. ఫ్లైవీల్ బోల్టులు వాడొద్దు. ఫ్లైవీల్ మందం, ఫ్లెక్స్‌ప్లేట్ పల్చన. పాత బోల్టు పొడవెక్కువై క్రాంక్ ఫ్లాంజి అవతలికి వెళ్లి బ్లాకుని గీరుతుంది.

కన్వర్టర్: ఇక్కడ తొందరపడొద్దు

ఈ మొత్తం పనిలో ఎక్కువ బాక్సులు చచ్చేది ఇక్కడే. కన్వర్టర్ వెనక మూడు వరసలు ఉన్నాయి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, స్టేటర్ పళ్లు, చివర ఆయిల్ పంపుని తిప్పే రెండు గాడులు. మూడూ దిగాలి. రెండు దిగగానే కన్వర్టర్ బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, మూడోది దిగకుండానే బాక్స్ ఎత్తి బిగించేస్తారు. సెల్ఫ్ కొట్టగానే పంపు గేరు పగిలిపోతుంది. బండి కదలదు, ఆయిల్ పైకి రాదు.

బాక్స్‌ని తోక మీద నిలబెట్టండి. కన్వర్టర్‌లోకి ఒక లీటరు కొత్త ఆయిల్ పోయండి, ముక్కుకీ ముందు సీలుకీ కాస్త ఆయిల్ రాయండి. కన్వర్టర్‌ని రెండు చేతులతో దించి, నెమ్మదిగా ఇటూ అటూ తిప్పుతూ కిందికి నొక్కండి. ఒక్కో వరస దిగినప్పుడు "టక్" మని కిందికి జారుతుంది. మూడు సార్లు జారాలి. తర్వాత బెల్ ముఖం మీద అడ్డంగా స్కేలు పెట్టి, కన్వర్టర్ బోల్టు చెవులు ఎంత లోపల ఉన్నాయో కొలవండి. అంగుళం పైనే లోపల ఉండాలి. తక్కువుంటే ఇంకా ఒక వరస మిగిలి ఉన్నట్టే. బాక్స్ ఎత్తేటప్పుడు కన్వర్టర్ ముందుకి జారకుండా బెల్‌కి అడ్డంగా పట్టీ ఒకటి కట్టండి.

బాక్స్‌ని డోవెల్స్ మీదకి చేర్చాక బెల్ ముఖం బ్లాకుని చేత్తోనే తాకాలి. ఖాళీ మిగిలితే బోల్టులతో లాగొద్దు, వెనక్కి దించి మళ్లీ చూడండి. రెండు బోల్టులు వేళ్లతో పెట్టాక కన్వర్టర్‌ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే మళ్లీ దించడమే. అంతా సరిగా ఉంటే బెల్ బోల్టులు 47 న్యూటన్ మీటర్లకి బిగించండి.

ఇప్పుడు కన్వర్టర్‌ని పూర్తిగా వెనక్కి నొక్కి, ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దాని చెవులకీ మధ్య ఖాళీ కొలవండి. 3 నుంచి 5 మి.మీ. ఉండాలి. 5 దాటితే మూడు చెవుల దగ్గరా ఒకే మందం ఉన్న గట్టి వాషర్లు పెట్టి తగ్గించండి. 3 కన్నా తక్కువైతే ఫ్లెక్స్‌ప్లేట్ తప్పో, ముక్కు పూర్తిగా దిగలేదో చూడాలి. కన్వర్టర్ బోల్టులు 41 నుంచి 47 న్యూటన్ మీటర్లు. సెల్ఫ్ మోటారు పళ్ల మధ్య ఖాళీ 0.5 నుంచి 1.5 మి.మీ. లోపు ఉండేలా షిమ్ములు పెట్టండి. సెల్ఫ్ తిరుగుతుండగా కీచుమంటే ఖాళీ ఎక్కువ, ఇంజిన్ అందుకుని తాళం వదిలాక కీచుమంటే తక్కువ.

క్రాస్ మెంబర్, షాఫ్ట్

బాక్స్ తోక కొద్దిగా కిందికి వాలి ఉండాలి, సుమారు 3 డిగ్రీలు. వెనక హౌసింగ్‌లో షాఫ్ట్ కలిసే పినియన్ అంతే కోణంలో పైకి చూడాలి. రెండూ సమాంతరంగా ఉంటే యూజే క్రాస్‌ల (షాఫ్ట్ చివరల కీళ్ల) ఊపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక్కో క్రాస్ దగ్గర కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఫోన్‌లో ఉండే కోణం కొలిచే యాప్ దీనికి సరిపోతుంది, ఫోన్‌ని తుడిచిన ముఖం మీద పెట్టండి. తేడా ఉంటే క్రాస్ మెంబర్ మీద షిమ్ములతో, వెనక స్ప్రింగు కింద ఏటవాలు లోహపు పలకలతో సరిచేస్తారు.

షాఫ్ట్ కొలత బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే తీసుకోవాలి. స్టాండ్ల మీద హౌసింగ్ కిందికి వేలాడుతూ ఉంటే కొలత తప్పుతుంది. స్లిప్ యోక్‌ని లోపలికి ఆనేదాకా తోసి, 20 నుంచి 25 మి.మీ. వెనక్కి లాగి, అక్కడి నుంచి రెండు క్రాస్‌ల మధ్యబిందువుల దూరం కొలవండి. ఆ వెనక్కి లాగిన ఖాళీ వదలకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే యోక్ బాక్స్‌ని గుద్దుతుంది. ఆటోనగర్‌లో లారీ షాఫ్ట్‌లు కోసి అతికే షాపులు ఉన్నాయి, బాలానగర్‌లో లేత్‌లు ఉన్నాయి. కోసినవాడే బ్యాలెన్స్ మెషిన్ మీద తిప్పి చూపించాలి. "లారీకి నడుస్తోంది, దీనికి నడవదా" అనేవాడి దగ్గర పని ఇవ్వొద్దు. పికప్ షాఫ్ట్ లారీ కన్నా ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంది. రెండు చివరల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి, పంచి గుర్తులు పెట్టమన్నది అందుకే.

ఆయిల్ పైపులు

మాన్యువల్ బండి రేడియేటర్ అడుగు ట్యాంకులో ఆయిల్ చల్లబరిచే గొట్టం ఉండదు. మన మే నెల ఎండలో, సికింద్రాబాద్ ట్రాఫిక్‌లో, గాలి తగలని బండిలో ఆయిల్‌ని కాపాడాలంటే రేడియేటర్ ముందు ప్లేట్ల రకం కూలర్ పెట్టి, దానికి సొంతంగా ఒక 12 వోల్టుల ఫ్యాను ఇవ్వండి. బండి 6 వోల్టులదైతే ముందు అది మార్చుకోవాలి. ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర ఉంటే బాక్స్ ఏళ్ల తరబడి నడుస్తుంది. 120 దాటుతూ ఉంటే ఆయిల్ మాడి, సీళ్లు గట్టిపడతాయి. డ్యాష్‌బోర్డు కింద చిన్న ఉష్ణోగ్రత మీటరు పెట్టుకోండి, దానికయ్యే ఖర్చు బాక్స్ ఖర్చుతో పోలిస్తే లెక్కే కాదు.

టర్బో 350 కూలర్ రంధ్రాలు కుడివైపు ఉంటాయి, పావు అంగుళం అమెరికన్ పైపు మర. రాణిగంజ్‌లో హైడ్రాలిక్ ఫిట్టింగుల షాపుల్లో అడిగితే చేతికొచ్చేది ఎక్కువగా బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర. చూడ్డానికి ఒకటే. అమెరికన్ మరలో అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీలో 19. మర కోణం కూడా వేరు, 60 డిగ్రీలకి 55. బీఎస్‌పీ ఫిట్టింగ్ రెండు చుట్లు హాయిగా ఎక్కి, మూడో చుట్టులో బిగుసుకుంటుంది. పానా వేసి లాగితే అల్యూమినియం బాక్స్ మర ఊడొస్తుంది. షాపులో అమెరికన్ మర పేరు "ఎన్‌పీటీ" అని చెప్పి అడగండి, బాక్స్‌తో వచ్చిన ఫిట్టింగ్ ఉంటే అదే వాడండి.

బాక్స్ నుంచి ముందుదాకా ఉక్కు పైపు వేయండి, చివరలు డబుల్ ఫ్లేర్ (పైపు అంచుని రెండు మడతలుగా విప్పడం) చేయించండి. రబ్బరు గొట్టం కూలర్ దగ్గర అడుగు పొడవు మాత్రమే, అదీ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి తయారైనది. పెట్రోల్ గొట్టం వాడితే వేడికి మెత్తబడి ఊడిపోతుంది. ఏ పైపు బయటికి పంపేదో తెలియకపోతే ఒకదానికి తాత్కాలికంగా గొట్టం తగిలించి డబ్బాలో పెట్టి, మొదటి స్టార్టులో రెండు సెకన్లు చూసి ఆపండి. ఆయిల్ వచ్చిందే బయటికి పంపేది.

కేబుల్, వ్యాక్యూమ్, షిఫ్టర్, స్విచ్

టర్బో 350కి ఎప్పుడు గేరు మార్చాలో చెప్పేది మాడ్యులేటర్, ఇంజిన్ వ్యాక్యూమ్‌తో పనిచేసే చిన్న డబ్బా. దాని గొట్టం నేరుగా ఇంటేక్ మానిఫోల్డ్‌కి కలవాలి, కార్బొరేటర్ పక్కనున్న టైమింగ్ వ్యాక్యూమ్ రంధ్రానికి కాదు. ఎక్కువ దూరం ఉక్కు పైపు, చివర్లలో మాత్రం రబ్బరు. మొత్తం రబ్బరే వేస్తే సైలెన్సర్ వేడికి మెత్తబడి మూసుకుంటుంది. కిక్‌డౌన్ కేబుల్ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే చివరిదాకా లాగాలి. 700ఆర్4 టీవీ కేబుల్ సంగతి వేరు, యాక్సిలరేటర్ కదిలినంతసేపూ అది కూడా కదలాలి, పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ కూడా దాని చివరికి చేరాలి. కార్బొరేటర్ రకాన్ని బట్టి లీవర్ కోణం మారుతుంది, దానికి తగిన బ్రాకెట్టే వాడండి. తీగ ముక్కలతో సర్దొద్దు.

షిఫ్టర్‌ని పార్క్‌లో పెట్టి, బాక్స్ లీవర్‌ని కూడా పార్క్‌లో పెట్టి, ఆ తర్వాతే కేబుల్ బిగించండి. ప్రతి గేరులో లీవర్ బాక్స్ లోపలి గాడిలో "టిక్" మని కూర్చోవాలి. షిఫ్టర్‌లో డీ అని ఉండి బాక్స్ సగంలో ఉంటే క్లచ్‌కి ప్రెషర్ సగమే అందుతుంది.

సెల్ఫ్ తీగని న్యూట్రల్ స్విచ్ గుండా పంపడం ఐచ్ఛికం కాదు. మాన్యువల్ బండికి ఆ స్విచ్ లేదు కాబట్టి ఇగ్నిషన్ నుంచి సోలినాయిడ్‌కి వెళ్లే తీగ కోసి, స్విచ్ రెండు కొసలకీ కలపండి. మిగతా రెండు కొసలు రివర్స్ లైటుకి. బిగించాక చక్రాలకి దిమ్మలు పెట్టి, బ్రేకు తొక్కి, ప్రతి గేరులో తాళం తిప్పి చూడండి. పార్క్, న్యూట్రల్‌లో తప్ప ఇంకెక్కడా సెల్ఫ్ తిరక్కూడదు.

బ్రేకుల మాట ఇక్కడే. ఆటోమేటిక్ బండి సిగ్నల్ దగ్గర కూడా ముందుకి తోస్తూనే ఉంటుంది, దిగుడులో ఇంజిన్ పట్టు తక్కువ. అమెరికాలో కూడా 1967 ముందు బండ్లలో మాస్టర్ సిలిండర్ ఒకటే గదిది, ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. క్లచ్ పెడల్ తీసే సమయంలోనే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించండి. పార్క్ గేరు హ్యాండ్ బ్రేకుకి బదులు కాదు, హ్యాండ్ బ్రేకు బాగుండాలి.

ఆయిల్ నింపి మొదటి స్టార్టు

ఖాళీ టర్బో 350కి కన్వర్టర్‌తో కలిపి సుమారు 9.5 లీటర్లు, 700ఆర్4కి 10.5 దాకా పడుతుంది. ఒక్కసారిగా పోయలేరు. కన్వర్టర్‌లో పోసిన లీటరు కాక, డిప్‌స్టిక్ గొట్టంలోంచి 4 లీటర్లు పోయండి. ఒకరు స్టార్టు చేయగానే ఇంకొకరు ఆపకుండా ఇంకో 2, 3 లీటర్లు పోస్తూ ఉండాలి. పంపు కన్వర్టర్‌ని నింపుకుంటుంది, అడుగు ఖాళీ అయితే గాలి లాగుతుంది. యాక్సిలరేటర్ తొక్కొద్దు. బ్రేకు మీద కాలుంచి ప్రతి గేరులో ఐదు సెకన్లు ఆగుతూ తిప్పండి, మళ్లీ పార్క్‌కి వచ్చి లెవల్ చూడండి. అసలు లెవల్ ఆయిల్ వేడెక్కాక, సమతలం మీద, ఇంజిన్ తిరుగుతుండగా, పార్క్‌లో చూసేదే. ఇంజిన్ ఆపి చూస్తే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ పోయడం కూడా చెరుపే, గేర్లు ఆయిల్‌ని నురగ చేస్తాయి, నురగకి ప్రెషర్ నిలవదు.

డ్రైవ్‌లో బ్రేకు తొక్కి ఉంచి ఐడిల్‌ని 550, 600 దగ్గర సెట్ చేయండి. ఏసీ ఉంటే అది వేసి చూడండి.

లక్షణం చూసి కారణం

గేర్లు ఆలస్యంగా, గట్టిగా కుదుపుతో మారుతుంటే మాడ్యులేటర్ గొట్టం ఊడిందో చిట్లిందో చూడండి. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వస్తూ, ఎక్కడా కారకుండానే ఆయిల్ తగ్గుతుంటే మాడ్యులేటర్ పొర చిరిగింది, ఇంజిన్ ఆ గొట్టంలోంచి బాక్స్ ఆయిల్ తాగుతోంది. గొట్టం తీసి చూస్తే లోపల ఎర్రగా తడి ఉంటుంది. ఇదే చౌకైన రిపేరు, దీన్ని ఇంజిన్ రింగులు పోయాయని చెప్పి ఇంజిన్ దింపించే గ్యారేజీలు కూడా ఉన్నాయి.

60 నుంచి 80 వేగం మధ్య సీటు కింద గుయ్యిమని వణికితే షాఫ్ట్ కోణం లేదా బ్యాలెన్స్. బండి ఆగి ఉన్నా, న్యూట్రల్‌లో ఆర్‌పీఎమ్‌తోపాటు వణుకు పెరిగితే ఫ్లెక్స్‌ప్లేట్ లేదా కన్వర్టర్. ఆయిల్ గోధుమ రంగులోకి మారి మాడు వాసన వస్తే కూలర్‌కి గాలి చాలట్లేదు లేదా క్లచ్‌లు జారుతున్నాయి. గులాబీ రంగు పాలలా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. రేడియేటర్ ట్యాంకులోనే ఆయిల్ గొట్టం ఉన్న రేడియేటర్ వాడితే ఇది జరిగే వీలుంది.

స్పీడోమీటర్ తప్పు చూపిస్తే బాక్స్ తోకలోని చిన్న ప్లాస్టిక్ గేరు పళ్ల లెక్క మార్చాలి. టైరు, క్రౌన్ లెక్క ఇస్తే ఏ పళ్లదో తేలుతుంది.

500 కిలోమీటర్లు తిరిగాక అడుగు పాన్ దించి చూడండి. పాన్ బోల్టులు 16 న్యూటన్ మీటర్లు దాటి బిగించొద్దు, పెదవి వంగి కారుతుంది. పాన్ అడుగున బూడిద రంగు పల్చటి పొర సహజం. అయస్కాంతానికి సన్నని మెరుపు పొడి అంటినా ఫర్వాలేదు. నల్లటి క్లచ్ పొర ముక్కలు కనిపిస్తే కేబుల్, మాడ్యులేటర్, ఆయిల్ లెవల్ అన్నీ మళ్లీ చూసి కానీ బండి బయటికి తీయొద్దు. ఇత్తడి లేదా అల్యూమినియం తునకలు కనిపిస్తే బండిని స్టార్టు కూడా చేయకండి, బాక్స్ దించి ముందు పంపు, డోవెల్ పిన్నులు చూడండి.